నిద్ర మాత్ర అడిగే ముందు

ఒత్తిడికి వైద్యం మా ప్రాంతంలో తలకిందులుగా నడుస్తుంది. మొదట మందుల షాపు, ఆ తరవాత గుణియా (మంత్రాలు, తాయెత్తుల వైద్యుడు), ఆపైన గుండె డాక్టరు, అందరూ అయ్యాక ఆఖరున మానసిక వైద్యుడు. ఒడిశాలోని పర్లాకిమిడిలో మందుల షాపు నడుపుతున్నవాణ్ని కాబట్టి ఈ వరుసలో మొదటి గుమ్మం నాదే. నా బేరానికి గండి కొట్టే నాలుగు మాటలు నేనే రాయడం న్యాయం.

ఇక్కడ ఎవరూ కౌంటరు దగ్గరకొచ్చి "దిగులుగా ఉంది" అనరు. గ్యాస్ పైకి తన్నుతోందంటారు, గుండె దడ అంటారు, నరాల బలహీనత అంటారు. షట్టరు దించే వేళకు వచ్చేవాళ్లది వేరే రకం. అటూ ఇటూ చూసి గొంతు తగ్గిస్తారు. "బాబూ, నిద్ర పట్టడానికి ఏదైనా ఇవ్వండి. మా అమ్మకు." అమ్మకు ఎన్నేళ్లని అడిగితే తడుముకుంటారు. ఆ మాత్ర ఎవరికో ఇద్దరికీ తెలుసు.

ఆ మాత్ర సంగతి ముందు చెప్పేస్తాను. ఎక్కువమంది అడిగేది ఆల్‌ప్రజోలామ్. మాత్రల పట్టీ తిప్పి చూడండి, ఎర్ర గీతల చట్రంలో ఒక హెచ్చరిక ఉంటుంది: డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని, డాక్టరు చెప్పకుండా వాడితే ప్రమాదమని. 2014 మార్చి నుంచి ఆల్‌ప్రజోలామ్, డయాజెపామ్, జోల్పిడెమ్ లాంటివి హెచ్1 జాబితాలో ఉన్నాయి. అమ్మినప్పుడల్లా రోగి పేరు, రాసిన డాక్టరు పేరు, ఎన్ని మాత్రలో రిజిస్టరుకెక్కించి, ఆ రిజిస్టరును మూడేళ్లు దాచాలి. ఇది మమ్మల్ని వేధించడానికి పెట్టిన నిబంధన కాదు. ఈ మాత్ర మొదటి రాత్రి బ్రహ్మాండంగా పని చేస్తుంది, చిక్కంతా అక్కడే. వారాల తరబడి వేసుకుంటే ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది. సగం మాత్రతో వచ్చిన నిద్రకు తరవాత ఒకటి కావాలి. ఒక్కసారిగా మానేస్తే దడ, వణుకు, మునుపటికన్నా ఘోరమైన నిద్రలేమి, ఒక్కోసారి ఫిట్స్ కూడా. సారా మీద ఇది వేసుకుంటే ఊపిరి మందగించి ప్రాణం మీదకు రావచ్చు. పెద్దవయసువాళ్లయితే రాత్రి లేచి తూలిపడి తుంటి విరగ్గొట్టుకుంటారు. డాక్టరు కొద్ది రోజులకని రాస్తే దానికో లెక్క ఉంటుంది. పక్కింటివాళ్లకు పని చేసిందని తెచ్చుకునేదానికి ఏ లెక్కా ఉండదు. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు మాత్రం ఇది చదివి రేపటి నుంచి ఆపేయకండి. ఎలా తగ్గించుకుంటూ రావాలో డాక్టరే చెప్పాలి.

ముందు ఒళ్లు చూపించుకోండి

దిగులు అనుకున్నది ప్రతిసారీ మనసులోనే పుట్టదు. థైరాయిడ్ తగ్గితే నీరసం, మతిమరుపు, దేనిమీదా ధ్యాస లేకపోవడం. అదే పెరిగితే దడ, చెమట, చిరాకు. రక్తం తక్కువైన ఆడవాళ్లకు నాలుగు మెట్లెక్కితేనే గుండె కొట్టుకుంటుంది, దాన్ని భయమనుకుంటారు. బి12 తగ్గినా, షుగరు అదుపు తప్పినా దెబ్బ మనసు మీద కూడా పడుతుంది. స్టెరాయిడ్లు కొందరికి నిద్ర చెడగొడతాయి. మోకాళ్ల నొప్పులకని సంతల్లో పొట్లాలు కట్టి అమ్మే పొడుల్లో అలాంటివి కలిశాయో లేదో అమ్మేవాడికే తెలియదు, వాటిని మాత్రం ముట్టుకోకండి.

థైరాయిడ్, రక్తం తక్కువ, బి12, షుగరు మామూలు రక్త పరీక్షలతో తేలిపోయే విషయాలు. ఫలితాలు బాగున్నాయని వస్తే ఇంట్లోవాళ్లు "చూశావా, నీకేమీ లేదు" అంటారు. పరీక్షలో దొరకలేదన్నంత మాత్రాన బాధ లేనట్టు కాదు. అక్కడి నుంచే రెండో దారి మొదలవుతుంది.

రాత్రి రెండింటికి మెలకువ వస్తే

పక్క మీద దొర్లకండి. లేచి కూర్చోండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరో ఏడో లెక్కపెట్టేంతసేపు వదలండి. వదలడమే ఎక్కువసేపు సాగాలి. ఊపిరి విడిచేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, కిటుకంతా అదే. అయిదారు నిమిషాలు చేసి, నిద్ర ముంచుకొచ్చినప్పుడే మళ్లీ పడుకోండి. ఎన్నింటికి పడుకున్నా పొద్దున లేచే వేళ మార్చకండి.

మధ్యాహ్నం తరవాత టీ మానమని చెప్పడం తేలిక, మా ఊళ్లో సగం పనులు టీ కొట్టు దగ్గరే జరుగుతాయి. సాయంత్రం ఒక్క టీ అయినా తగ్గించండి. ఖైనీ, గుట్కా, చుట్ట నరాలను నెమ్మదింపజేస్తాయని వేసుకుంటారు గానీ అవి గుండెను పరుగెత్తిస్తాయి. అడ్డపొగ (చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని) తాగే పెద్దమ్మలకు ఈ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. సారా నిద్రపుచ్చినట్టే పుచ్చి తెల్లవారుజామున తనే లేపుతుంది.

అసలు నిద్ర పోగొట్టేది ఆలోచన. దానికి నేను చెప్పేది కాగితం వైద్యం. టిఫిన్ బండి నడిపే ఒకావిడ మాత్ర కోసం వస్తే పాత బిల్లు వెనక్కి తిప్పి పెన్ను చేతికిచ్చి, "రాత్రిపూట బుర్రలో తిరిగేవన్నీ రాయండమ్మా" అన్నాను. ఆవిడ చదివింది ఒడియా బడి. తెలుగు మాటలనే ఒడియా అక్షరాల్లో రాశారు. రెండు అప్పుల గ్రూపుల కిస్తీలు, ఒకటి మంగళవారం, ఒకటి శుక్రవారం. కొడుకు చెన్నైలో, ఫోను ఎత్తడం లేదు. అత్తగారి కంటి ఆపరేషను. మరిది తాగుడు. బండి పెట్టుకునే చోటు ఖాళీ చేయమంటున్నారు. సిలిండరు ధర.

రాశాక మధ్యలో గీత గీశాం. ఈ వారం తన చేతిలో ఉన్నది ఒక వైపు, లేనిది మరో వైపు. చేతిలో ఉన్న వైపు మూడు తేలాయి: రెండు కిస్తీలూ బేరం బాగా ఉండే రోజుకు మార్చమని అడగడం, కొడుకుతో కలిసి ఉండే కుర్రాడికి ఫోను చేయడం, అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్లే రోజు ఖాయం చేయడం. మరిది తాగుడును అవతలి వైపు రాయడానికి ఆవిడ చాలాసేపు ఒప్పుకోలేదు. "నేను చెబితే మానతాడేమో అన్నయ్యా" అంటూ పెన్ను అక్కడే ఆపారు. చివరికి రాశారు. అప్పులు తీరలేదు, మరిది మారలేదు. కానీ మీద పడే వాటిలో సగానికి ఒక తేదీ, ఒక పని కుదిరాయి. ఈ కాగితం పని సాయంత్రం వెలుగుండగా చేయాలి. పడుకునే ముందు చేస్తే ఉన్న నిద్ర కూడా పోతుంది.

చెప్పుకునే నలుగురు

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను ముంచెత్తింది. కొండచరియలు విరిగిపడ్డాయి, తోటలు నేలకూలాయి. ఆ తరవాత చాలా కాలం, గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు లేచి కూర్చునేవాళ్లు ఇంటింటా ఉన్నారు. అరుగుల మీద చేరి చెప్పిందే చెప్పుకున్న వీధుల నుంచి నా దగ్గరకు నిద్ర మాత్రల కోసం వచ్చినవాళ్లు తక్కువ. ఇల్లు పోయి దూరపు చుట్టాల పంచన చేరినవాళ్లే ఎక్కువగా వచ్చారు.

ఈ సంగతికి షాపు అనుభవం కన్నా గట్టి సాక్ష్యమే ఉంది. జింబాబ్వేలో మానసిక వైద్యులు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే ఉండేవారు. డిక్సన్ చిబాండా అనే వైద్యుడు 2006లో అక్కడి బామ్మలకు శిక్షణ ఇప్పించి, ఆరోగ్య కేంద్రాల ఆవరణల్లో బల్లల మీద కూర్చోబెట్టారు. మందుల ఊసు లేదు. వినడం, ఉన్న సమస్యల్లో ఒకదాన్ని ఎంచుకోమనడం, దానికి దారి వెతికించడం. 2016లో వెలువడిన పరిశోధనలో, మామూలు వైద్యం పొందినవారికన్నా ఈ బల్లల దగ్గరకు వెళ్లినవారిలో దిగులు లక్షణాలు ఆరు నెలల తరవాత బాగా తక్కువగా కనిపించాయి.

మనకు బామ్మలకూ కొరత లేదు, అరుగులకూ కొరత లేదు. ఊరూరా మిషన్ శక్తి మహిళా పొదుపు సంఘాలున్నాయి, నెలనెలా కూర్చుంటున్నారు. అయితే ఒక ఇబ్బంది ఉంది. కిస్తీ కట్టలేని బాధను ఆ కిస్తీ వసూలు చేసే సంఘంలోనే చెప్పుకోలేరు. అందుకని డబ్బు లావాదేవీ లేని ముగ్గురు నలుగురిని వేరుగా చూసుకోండి. భజన గుడిలో కలిసేవాళ్లు కావచ్చు, పిల్లల్ని బడికి దింపే తల్లులు కావచ్చు. మీ వీధి ఆశా కార్యకర్తను కలుపుకుంటే ఇంకా మంచిది, ఆస్పత్రిలో ఎవరిని కలవాలో ఆమెకు తెలుస్తుంది.

కూర్చున్నప్పుడు విన్నది గడప దాటకూడదు. అడగనిదే సలహా ఇవ్వకూడదు. ఇదే అన్నిటికన్నా కష్టం, సలహా ఇవ్వకపోతే మనవాళ్లకు ఊపిరాడదు. "నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా" అన్న మాటను పూర్తిగా నిషేధించండి. రెండుసార్లు రాని మనిషి ఇంటికి ఎవరో ఒకరు వెళ్లి చూసి రావాలి. మగవాళ్లను మాత్రం ఇలా కూర్చోబెట్టి చెప్పమంటే లేచి వెళ్లిపోతారు. చేతిలో పని ఉంటేనే నోరు పెగులుతుంది. సైకిలు బాగుచేస్తూనో చెరువు గట్టు మీద నడుస్తూనో మాట కలపండి.

గుణియా దగ్గరకు వెళ్లొద్దని నేననను. దిష్టి తీయించుకుంటే మనసు కుదుటపడుతుందంటే తీయించుకోండి, తాయెత్తు కట్టించుకోండి. మూడింటికి మాత్రం ఒప్పుకోవద్దు: వాతలు పెట్టడం, కట్టేయడం, డాక్టరు ఇచ్చిన మందు ఆపమనడం. మానసిక రోగిని గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

ఆలస్యం పనికిరాని వేళ

"నేను లేకపోతే మీరంతా సుఖంగా ఉంటారు" అనే మాట, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, ఎవరికి ఎంత బాకీ ఉన్నదీ హఠాత్తుగా అప్పజెప్పడం చూస్తే నాన్చకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్నది ఉత్త భయం. అడిగినందుకు ఏడ్చి బయటపడ్డవాళ్లే ఎక్కువ. ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు, మిగిలిపోయిన మాత్రలు ఇంట్లోంచి తీసేయండి. పొలానికి అవసరమైతే వేరొకరి ఇంట్లో తాళం వేయించి, తాళంచెవి అక్కడే ఉంచండి. ఆ ఉద్ధృతి చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు చేతికేమీ అందకపోతే గండం దాటుతుంది. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను నిషేధించాక ఆత్మహత్యలు గణనీయంగా తగ్గాయి.

జరగరానిది జరిగితే 108కి గాని 112కి గాని ఫోను చేసి దగ్గరలోని ఆస్పత్రికి తీసుకెళ్లండి. "పోలీసు కేసవుతుంది" అంటూ నాటు వైద్యంతో గంటలు గడిపేవాళ్లను చూస్తుంటే ఒళ్లు మండుతుంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత 309వ సెక్షన్‌ను పెట్టనేలేదు. ప్రభుత్వోద్యోగిని విధి చేయనివ్వకుండా బెదిరించడానికి అలా చేస్తే మాత్రం వేరే సెక్షన్ ఉంది. ఇంట్లో కుమిలిపోయిన మనిషికి దానితో సంబంధం లేదు.

14416

ఇది టెలి మానస్ నంబరు, మనసు బాధలకు ఫోనులోనే సాయం చేసే సేవ. 1800 891 4416కు చేసినా అక్కడికే వెళ్తుంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పని చేస్తుంది. భాష ఎంచుకోమంటుంది, అందులో తెలుగు ఉంది. ఒడిశాలో ఉన్నాం కదా అని ఒడియా నొక్కక్కర్లేదు. బజారులో మనమంతా ఒడియా గడగడా మాట్లాడేవాళ్లమే. అయినా మొగుడి మీద కోపం, బిడ్డ మీద బెంగ తల్లి భాషలో చెప్పుకున్నంత సూటిగా రావు. సవర గిరిజన పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టి, ముందు తను ఆ భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. ఆయన ఊళ్లో ఉంటూ మన బాధ మన భాషలో చెప్పుకోవడానికి మొహమాటమెందుకు?

ఇంట్లో వీలుపడకపోతే మేడ మీదకో గుడి వెనక్కో వెళ్లి చేయండి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే "నిద్ర పట్టడం లేదు" అనండి, మిగతాది వాళ్లే అడుగుతారు. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పండి. వాళ్లు మాట్లాడి ధైర్యం చెబుతారు, అవసరమైతే డాక్టరుతో మాట్లాడిస్తారు, దగ్గరలో ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. అవతల మాట్లాడిన మనిషి తీరు నచ్చకపోతే మర్నాడు మళ్లీ చేయండి, వేరొకరు ఎత్తవచ్చు.

డాక్టరు దగ్గరకు

రెండు వారాలకు పైగా దాదాపు రోజూ దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా ఆకలీ చెడిపోవడం, పనిలో చేతులు ఆడకపోవడం ఉంటే ఇక వెళ్లాల్సిందే. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని, ఎవరో విషం పెడుతున్నారని అంటుంటే రెండు వారాలు కూడా ఆగొద్దు.

ముందు జిల్లా ఆస్పత్రికి వెళ్లండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద మానసిక వైద్యులు ఏ రోజు, ఏ గదిలో చూస్తారో ఓపీ చీటీ రాసే కౌంటరులో అడగండి. "పిచ్చి డాక్టరు ఎక్కడ" అని అడగడానికి నామోషీగా ఉంటే "మానసిక విభాగం" అనండి, చాలు. పెద్ద ఆస్పత్రి కావాలంటే బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల ఉంది. జయపురం, కోరాపుట్ వైపు వారికి కోరాపుట్‌లోని శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల దగ్గర. తెలుగులోనే చెప్పుకోవాలనుకునేవారు శ్రీకాకుళం పెద్దాస్పత్రికో విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకో వెళ్తుంటారు. సరిహద్దు దాటేటప్పుడు మీ దగ్గరున్న పథకం కార్డు అక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి.

వెంట ఒక కాగితం తీసుకెళ్లండి: ఎప్పుడు మొదలైంది, రాత్రి ఎంతసేపు నిద్ర, తాగుడు ఉంటే ఎంత, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా వచ్చిందా. బీపీ మాత్రలతో సహా వాడుతున్నవాటి పట్టీలన్నీ సంచిలో వేసుకోండి. "తెల్లది, గుండ్రంగా ఉంటుంది" అంటే ఏ డాక్టరూ పోల్చుకోలేరు, మేమూ పోల్చుకోలేం. డాక్టరుకు తెలుగు రాకపోతే మాట అందించడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి అత్తగారో భర్తో అయితే అసలు సంగతి బయటకు రాదు. చిన్నపిల్లల్ని ఆ పనికి పెట్టకండి. స్నేహితురాలో ఆశా కార్యకర్తో మేలు. అయినా కనీసం ఒక్క నిమిషం ఒంటరిగా మాట్లాడాలని అడగండి. మీ జబ్బు వివరాలను గోప్యంగా ఉంచమనే హక్కు చట్టం మీకిచ్చింది.

దిగులుకు రాసే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి నిద్ర మాత్రల జాతి కాదు. వీటి గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం కడుపులో తిప్పడం, తలనొప్పి ఉండవచ్చు, చాలామందికి సర్దుకుంటాయి. ఆ వారంలోనే "పడలేదు" అని మానేసి నా దగ్గరకు మార్పించుకోవడానికి వస్తారు. మార్చాల్సింది నేను కాదు, రాసిన డాక్టరు. ఆందోళన మరీ పెరిగినా, చావు ఆలోచనలు వచ్చినా తరవాతి తేదీ దాకా ఆగకుండా వెంటనే వెళ్లండి. నయమనిపించాక కూడా నెలల తరబడి కొనసాగించమంటారు. ఆపేటప్పుడు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

ఒడిశా ప్రభుత్వ ఆస్పత్రుల్లో నిరామయ కౌంటర్లలో మందులు ఉచితం, ముందు అక్కడ అడగండి. అక్కడ లేనివే బయట కొనండి. డాక్టరు రాసిన కంపెనీ దొరక్కపోతే మందు అసలు పేరు, మిల్లీగ్రాములతో చీటీ రాసివ్వమని డాక్టరునే అడగండి, అదే మందు జన ఔషధి దుకాణంలో చవకగా దొరుకుతుంది. ఆఖరి మాత్ర వేసుకున్నాక బయల్దేరకండి. పట్టీలో వారానికి సరిపడా మిగిలి ఉండగానే మళ్లీ వెళ్లే రోజు చూసుకోండి. రథయాత్ర, దసరా రోజుల్లో షాపులూ బస్సులూ నమ్ముకోవడానికి వీల్లేదు.